పాత స్విఫ్ట్‌తో ట్రాక్ డేకి వెళ్లాలి, ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

కూకట్‌పల్లి_స్విఫ్ట్
2008 స్విఫ్ట్ వీఎక్స్ఐ, 1.3 పెట్రోలు. నాన్న కొన్న బండి, ఇప్పుడు నా చేతికొచ్చింది. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. 15 ఏళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్ కూడా అయిపోయింది. ఇంట్లో రోజువారీ వాడకానికి వేరే కారు ఉంది కాబట్టి దీన్ని తీసుకుని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డేకి, అంటే రుసుము కట్టి సొంత బండి తిప్పుకునే రోజుకి, వెళ్లాలని ఎప్పటినుంచో కోరిక. రేసుల్లో దిగాలని కాదు, బండి నడపడం సరిగ్గా నేర్చుకోవాలని.

ఎవర్ని అడిగినా ఒకటే మాట. "పాత బండితో ఏం చేస్తావ్, పోలో జీటీ కొనుక్కో, ఇంజన్ ట్యూన్ చేయించు, ఆ తర్వాత వెళ్లు" అంటారు. అంత డబ్బు నా దగ్గర లేదు. 87 గుర్రాల (హార్స్‌పవర్) బండితో వెళ్తే అక్కడ చులకనగా చూస్తారా? ఉన్న డబ్బుతో ముందు ఏం మార్పించాలి? హైదరాబాద్ నుంచి ఇదే బండిలో వెళ్లి ఇదే బండిలో తిరిగి రావచ్చా?

ఎస్టీమ్_వీరాభిమాని
ఎవరూ చులకన చేయరు తమ్ముడూ. మన దేశంలో రేసింగ్ చాలావరకు చిన్న మారుతి ఇంజన్ల మీదే పెరిగింది. రేసుకార్లు తయారుచేసిన కరివర్ధన్ గారు 1988లో ఫార్ములా మారుతి అనే రేసుకార్లు మొదలుపెట్టింది మారుతి 800 ఇంజన్‌తోనే. నరేన్ కార్తికేయన్ ఆ బళ్లు నడిపి పైకొచ్చి 2005లో ఫార్ములా వన్‌కి చేరాడు. నీ 1.3 ఇంజన్ కూడా ఆ ఇంటి బిడ్డే, ఎస్టీమ్‌లో ఉన్నదాని తమ్ముడు.

ముందు బ్రేకులు, తర్వాత టైర్లు. ఇంజన్ జోలికి పోకు.

టర్బో_తేజ
పై మాట సగమే ఒప్పుకుంటా. 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద 87 గుర్రాలంటే మెయిన్ స్ట్రెయిట్‌లో నిద్రొస్తుంది. కనీసం ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ మార్పిస్తే హుషారుగా ఉంటుంది కదా.

బెజవాడ_మెకానికల్
@టర్బో_తేజ ఆ డబ్బుతో వచ్చేది శబ్దం, నాలుగైదు గుర్రాలు. పైగా ఆ ఎగ్జాస్ట్‌తో రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ట్రాక్‌కి రోడ్డు మీదే వెళ్లి రోడ్డు మీదే రావాలి, అది మర్చిపోవద్దు.

బ్రేకుల మాట ఎందుకంత నొక్కి చెబుతున్నామో ఒక లెక్క చూపిస్తా. బండి, మనిషి కలిపి 1,100 కిలోలు అనుకుందాం. ఊళ్లో 60 నుంచి సున్నాకి ఆపితే బ్రేకుల్లోకి దాదాపు 150 కిలోజౌళ్ల వేడి పోతుంది. ట్రాక్ మీద 140 నుంచి 60కి తగ్గిస్తే 680 దాకా పోతుంది. బండి ఆగనే లేదు, అప్పటికే నాలుగు రెట్లు దాటింది. చల్లారకముందే తర్వాతి మలుపు వస్తుంది, మళ్లీ అదే. పాత స్విఫ్ట్‌కి వెనక డ్రమ్ములు, కాబట్టి ఎక్కువ భారం ముందున్న రెండు డిస్కుల మీదే.

ఇంకో సంగతి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. నాలుగేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్‌కి వెళ్తే రెండో మూడో ల్యాప్‌లోనే పెడల్ నేలకి అంటుకుపోవచ్చు. అర లీటరు సీసా కొన్ని వందల రూపాయలు. వెళ్లే ముందు వారం పాతదంతా తీయించి కొత్తది పోయించు. నాలుగు చక్రాల దగ్గరా గాలి బుడగలు తీయించు. డాట్ 5.1 దొరికితే ఇంకా మంచిది. డాట్ 5 అని వేరే ఒకటుంది, అది సిలికాన్‌ది. అది మాత్రం వద్దు, దీనితో కలవదు.

కూకట్‌పల్లి_స్విఫ్ట్
ఇది చదువుతుంటేనే టెన్షన్ వస్తోంది అన్నా. బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో నాన్నకి కూడా గుర్తులేదు.

ఎస్టీమ్_వీరాభిమాని
గుర్తులేదంటే మార్చాల్సిందేనని అర్థం. టైమింగ్ బెల్టు సంగతి కూడా అడుగు. ఆ 1.3 ఇంజన్‌కి చైన్ కాదు, బెల్టు. లక్ష దాటింది కాబట్టి మార్చిన రసీదు ఉంటే సరే, లేకపోతే వాటర్ పంపుతో కలిపి ఇప్పుడే మార్పించెయ్.

మైలాపూర్_మూర్తి
చెన్నైలో పాతికేళ్లుగా ఉంటున్నా, సొంతూరు నెల్లూరు. ట్రాక్ సంగతి కాస్త చెబుతాను. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లది. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు, మాకు మాత్రం పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్, ఎంఎంఆర్‌టీయే. 1990 నుంచి నడుస్తోంది. అంతకుముందు రేసులన్నీ చెన్నై దగ్గరి షోలవరం పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. మొత్తం 12 మలుపులు, సీ1, సీ2 అని పిలుస్తారు. స్ట్రెయిట్ చివర సీ1 చాలా వేగంగా వస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లు అక్కడ గుండె చిక్కబట్టుకుని ఎటూ తేల్చుకోకుండా నడుపుతారు. అది వద్దు. మొదట్లో అక్కడ బాగా ముందే బ్రేకు వేసి, మలుపులోకి తిరిగాక కాలు నిలకడగా ఉంచండి.

@టర్బో_తేజ నిద్రొస్తుందన్నారు. స్విఫ్ట్‌లో సీ1 దగ్గర ఎవరికీ నిద్ర రాగా నేను చూడలేదు.

టర్బో_తేజ
సరే మూర్తి గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

పాలియో_పద్మ
బెంగళూరు నుంచి పాత పాలియో 1.6తో వెళ్తుంటాను. అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు, నడిపే మనిషి గురించి చెప్పేవాళ్లు లేరు.

చూపు ఎటుంటే బండి అటే పోతుంది. ముందున్న బంపర్ చూడకు. మలుపులోకి తిరగకముందే లోపలి అంచు చూడు, అంచు దగ్గరకి వచ్చేసరికి బయటపడే చోటు చూడు. భయమేసినప్పుడు మన కళ్లు గోడ మీదకే పోతాయి, చేతులు కళ్ల వెంట పోతాయి. దాన్ని మనమే పట్టుబట్టి మార్చుకోవాలి.

నీ వీఎక్స్ఐకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది) లేదనుకుంటా. అయితే గట్టి బ్రేకు స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడే. చక్రం బిగుసుకుని కీచుమంటే కాలు కొంచెం వదిలి మళ్లీ నొక్కు. మలుపు మధ్యలో "అయ్యో ఎక్కువ వేగం" అనిపించి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే బరువంతా ముందుకి పోయి వెనక చక్రాల పట్టు జారుతుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న బళ్లు గిర్రున తిరిగేది ఎక్కువగా అలాగే. బండి తిరిగిపోతే క్లచ్, బ్రేకు రెండూ నొక్కి ఆపెయ్, కాపాడదామని చూడకు. మలుపు బయట రెండు చక్రాలు మట్టిలోకి దిగితే స్టీరింగ్ లాగి ట్రాక్ మీదకి తేవాలనుకోకు. నేరుగా మట్టిలోనే పోనిచ్చి వేగం తగ్గాక మెల్లగా ఎక్కు. లాగితే టైరుకి ఉన్నట్టుండి పట్టు దొరికి బండి ట్రాక్ అడ్డంగా అవతలి వైపు గోడకి పోతుంది.

కూకట్‌పల్లి_స్విఫ్ట్
పద్మక్కా, ఈ పోస్ట్ ప్రింట్ తీసి పెట్టుకుంటా. ఏబీఎస్ లేదు, నిజమే. అది లేకుండా వెళ్లడం ప్రమాదమా?

పాలియో_పద్మ
వేగం నెమ్మదిగా పెంచుకుంటే ప్రమాదం కాదు. పాదం నేర్చుకుంటుంది. వానలో మాత్రం మొదటిసారే వెళ్లొద్దు.

డల్లాస్_మియాటా
ఇక్కడ టెక్సాస్‌లో నాది 1990ల మియాటా, మాజ్డా వాళ్ల రెండు సీట్ల చిన్న బండి. అమెరికాలో చౌకగా మొదలుపెట్టే తెలుగువాళ్లకి నేను చెప్పేది ఇదే. బరువు తక్కువ, టైర్లు చౌక, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. కొనేముందు ఒకటి చూసుకోండి. 1990, 91లో వచ్చిన మొదటి 1.6 ఇంజన్లలో క్రాంక్ ముందు భాగం పొట్టిగా ఉండి, పుల్లీ దగ్గర అరిగి వదులయ్యే జబ్బు ఉంది. టాప్ లేని బండి కాబట్టి చాలా క్లబ్బులు రోల్ బార్ (బండి బోల్తా పడితే తలని కాపాడే ఇనుప కడ్డీ) లేకపోతే ట్రాక్ మీదకి రానివ్వవు. రోల్ బార్ నుంచి విండ్‌షీల్డ్ పైఅంచు దాకా ఒక కర్ర పెట్టి చూస్తారు, హెల్మెట్ ఆ కర్ర కిందే ఉండాలి. నాలాంటి పొడుగువాళ్లకి సీటు ఫోమ్ కోయించుకోక తప్పదు.

ఎస్‌సీసీఏ అనే ఇక్కడి కార్ల క్లబ్బు వాళ్ల ట్రాక్ నైట్ అని వారం మధ్యలో సాయంత్రాలు నడుపుతారు. కొత్తవాళ్లకి వేరే గ్రూపు, 20 నిమిషాల చొప్పున మూడుసార్లు తిప్పుకోవచ్చు. మొదటి అడుగుకి అంతకన్నా మంచిది ఇక్కడ నాకు కనిపించలేదు. హెల్మెట్ విషయంలో కొన్ని క్లబ్బులు బైకులకి చేసినవి ఒప్పుకోవు, కారు రేసుల హెల్మెట్లకి ఇచ్చే స్నెల్ ఎస్ఏ ముద్ర అడుగుతాయి. అడిగి కొనుక్కోండి.

మైలాపూర్_మూర్తి
ఇక్కడ ట్రాక్ డేలకి సాధారణంగా ఫుల్‌ఫేస్ హెల్మెట్, బూట్లు, ఒళ్లంతా కప్పే నూలు బట్టలు అడుగుతారు. సింథటిక్ టీషర్ట్ వద్దు, మంటకి ఒంటికి అతుక్కుంటుంది. ఆ రోజు నడిపేవాళ్ల నియమాలు ముందే తెప్పించుకుని చదవండి, ఒక్కో నిర్వాహకుడిది ఒక్కో పద్ధతి. ట్రాక్ డేకి ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశ మోటార్ రేసుల సంఘం) లైసెన్సు అక్కర్లేదు, అది రేసుల్లో దిగేవాళ్లకి.

మియాపూర్_మల్లేష్
అంత దూరం ఎందుకు? తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఖాళీగా ఉంటుంది. 158 కిలోమీటర్లు.

బెజవాడ_మెకానికల్
మల్లేష్, ఈ సలహా ఇక్కడ ఇవ్వకండి. ఓఆర్‌ఆర్ మీద 120 పరిమితి. ఆ సమయంలో లైట్లు లేకుండా ఆగిన లారీలుంటాయి. ట్రాక్ మీద ఎదురుబండి రాదు, అంబులెన్సు పక్కనే ఉంటుంది, మార్షల్ జెండా ఊపి హెచ్చరిస్తాడు. రోడ్డు మీద నీ సరదాకి ఏ సంబంధం లేని కుటుంబం బలవుతుంది. దీనిమీద నేను మెత్తగా మాట్లాడలేను.

పాలియో_పద్మ
+1. ట్రాక్‌కి వెళ్లడం మొదలుపెట్టాక నేను రోడ్డు మీద నెమ్మదించాను. 100లో ఆగడానికి ఎంత దూరం పడుతుందో ఒకసారి కళ్లారా చూస్తే ముందు బండికి అతుక్కుని నడపబుద్ధి కాదు.

మియాపూర్_మల్లేష్
అర్థమైంది. హైదరాబాద్‌లో ట్రాక్ లేదన్న బాధతో అన్నాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) చూశాక ఇక్కడే ఏదో వస్తుందనుకున్నాం. అది ఊరి రోడ్ల మీద వేసి తీసేసిన ట్రాక్ అయిపోయింది.

కార్టింగ్_కిరణ్
ట్రాక్‌కి ముందు కార్టింగ్ చేయాలని నా అభిప్రాయం. లైను (మలుపులో బండి పోయే దారి), బ్రేకు వేసే చోటు, చూపు, అన్నీ కార్ట్‌లోనే తక్కువ ఖర్చుతో వస్తాయి.

ఎస్టీమ్_వీరాభిమాని
మంచిదే కానీ తప్పనిసరి అంటే ఒప్పుకోను. కార్ట్‌లో సస్పెన్షన్ ఉండదు, బరువు ముందుకీ వెనక్కీ ఊగడం అంతగా తెలియదు. స్విఫ్ట్‌లో నేర్చుకోవాల్సింది ముఖ్యంగా అదే.

కార్టింగ్_కిరణ్
సస్పెన్షన్ మాట నిజం. కానీ ఐదు నిమిషాల్లో పాతిక మలుపులు తిరిగే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది? రెండూ చేయమంటాను.

ఒంగోలు_ఓనరు
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు. ట్రాక్‌లో గుద్దితే డబ్బులొస్తాయా?

బెజవాడ_మెకానికల్
రావు. పాలసీ కాగితంలో వాడకం పరిమితుల దగ్గర చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటివాటికి వర్తించదని ఉంటుంది.

వాడుక_పేరు_లేదు
రోడ్డు మీద జరిగిందని చెప్తే సరిపోతుంది. మా ఊళ్లో ఒకాయన అలాగే తీసుకున్నాడు.

మైలాపూర్_మూర్తి
అది మోసం, క్లెయిము కొట్టేయడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది. అలాంటి సలహాలు ఇక్కడ వద్దు. పాత, చౌక బండి ఎందుకు మంచిదో చెప్పాలంటే అసలు కారణం ఇదే. గోడకి తగిలి తుక్కయిపోయినా ఇంటి బడ్జెట్ కూలకూడదు. "ఈ బండి రేపు లేకపోయినా నా జీవితం నడుస్తుంది" అని నిజాయితీగా అనుకోగలిగితేనే తీసుకెళ్లండి. ఈఎంఐ కడుతున్న పోలో జీటీతో ఆ మాట అనలేరు. ప్రతి మలుపులోనూ ఆ ఈఎంఐయే కనిపిస్తుంది, చేతులు బిగుసుకుంటాయి, నేర్చుకోవడం ఆగిపోతుంది.

డల్లాస్_మియాటా
మూర్తి గారి మాటకి నాదీ ఓటు. ఇక్కడ ఒక్కరోజుకి ట్రాక్ ఇన్సూరెన్స్ విడిగా కొనొచ్చు, కానీ చౌక బండికి దాని ప్రీమియం గిట్టుబాటు కాదు.

నూర్బుర్గ్_నాని
జర్మనీ నుంచి. ఇక్కడికొచ్చిన కుర్రాళ్లు కొందరు మొదటిసారే నార్డ్‌ష్లైఫ్‌కి (నూర్బుర్గ్‌రింగ్ పాత ట్రాక్‌కి) పోతుంటారు. 20.8 కిలోమీటర్లు, టికెట్ కొంటే చాలు, లోపలికి పోవచ్చు. రెయిలింగ్ విరిగితే బిల్లు మనకే, మనల్ని లాక్కొచ్చిన బండికీ మనమే కట్టాలి. పక్కకి జారడానికి ఖాళీ చోటు ఉండదు. మొదలుపెట్టే చోటు మాత్రం అది కాదు.

కూకట్‌పల్లి_స్విఫ్ట్
బ్రేకులు, బెల్టు అర్థమయ్యాయి. టైర్ల సంగతి చెప్పండి. ఇప్పుడున్నవి 165/80 ఆర్14, అరుగుదల బాగానే ఉంది, పక్కన 2317 అని ఉంది.

ఎస్టీమ్_వీరాభిమాని
అంటే 2017లో 23వ వారం తయారైనవి. బటన్లు ఎంత లోతున్నా సరే, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. ట్రాక్‌కి పనికిరావు. జెడ్ఎక్స్ఐకి వచ్చిన 185/70 ఆర్14 వేయించు, చుట్టుకొలత దాదాపు అంతే, స్పీడోమీటర్ పెద్దగా మారదు. మైలేజీ టైర్లు వద్దు, పట్టున్నవి అడుగు.

గాలి విషయం. ట్రాక్ మీద టైరు వేడెక్కి నాలుగు నుంచి ఆరు పీఎస్ఐ పెరుగుతుంది. కాబట్టి వేడిగా ఉన్నప్పుడు చూసి సరిచేసుకోవాలి. టైరు భుజం మీద చాక్‌పీసుతో అడ్డంగా గీతలు గీసి ఒక సెషన్ తిరిగి రా. గీత పక్కగోడ మీది దాకా చెరిగిపోతే గాలి తక్కువ, భుజం మీద అసలు చెరగకపోతే ఎక్కువ. దీనికి సొంతంగా ఒక ప్రెషర్ గేజ్ కొనుక్కో, బంకులో వాటిని నమ్మకు. మళ్లీ రోడ్డెక్కే ముందు గాలి మామూలు స్థాయికి పెట్టుకోవాలి.

గాజువాక_గేర్
ఎవరూ చెప్పనివి చెబుతా. సెషన్ అయ్యాక హ్యాండ్‌బ్రేకు లాగొద్దు. కాలిపోతున్న డ్రమ్ముకి షూలు బిగించినట్టవుతుంది. ఫస్ట్ గేర్‌లో వేసి చక్రం కింద రాయి పెట్టు. చివరి ల్యాప్ బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిరిగి రా, లేకపోతే ఆగాక వేడంతా క్యాలిపర్‌లోకి పోయి ఆయిల్ అప్పుడు మరుగుతుంది.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కినట్టు. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిల్ మరిగినట్టు. రెండింట్లో ఏదైనా ఆ సెషన్‌కి సెలవు. ఇంజన్ ఆయిల్ పైగీత దాకా ఉంచు, పొడుగు మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోతుంది. పెట్రోలు సగం ట్యాంకు కన్నా తగ్గనీయకు, కారణం అదే. డిక్కీలో జాకీ, స్టెప్నీ, సీటు కింద నీళ్ల సీసా, అన్నీ బయట పెట్టేయ్. దొర్లుకుంటూ వచ్చిన సీసా బ్రేక్ పెడల్ కింద దూరితే ఇంతే సంగతులు. బ్యాటరీ క్లాంపు కదలకూడదు. ప్రతి సెషన్ తర్వాత చక్రాల నట్లు టార్క్ రెంచితో చూసుకో.

టర్బో_తేజ
ఈ పోస్ట్ నాకూ కావాలి. ఎగ్జాస్ట్ డబ్బు టైర్లకి మళ్లిస్తున్నా.

కార్టింగ్_కిరణ్
జెండాలు కూడా రాసేద్దాం. పసుపు: ముందు ప్రమాదం, వేగం తగ్గించు, దాటకు. ఎరుపు: సెషన్ ఆగింది, నెమ్మదిగా పిట్‌కి (ట్రాక్ పక్కన బళ్లు ఆపే చోటికి) రా. నీలం: వెనక వేగమైన బండి ఉంది, దారివ్వు. నలుపు: నిన్నే పిలుస్తున్నారు, పిట్‌కి రా. పసుపు ఎరుపు చారలు: ట్రాక్ మీద ఆయిల్ లేదా జారుడు. గళ్ల జెండా: అయిపోయింది. ప్రతి ల్యాప్‌లో మార్షల్ ఎక్కడ నిలబడ్డాడో చూస్తూ పో.

పాలియో_పద్మ
నీలం జెండా గురించి ఒక మాట. నీకన్నా వేగమైనవాళ్లు వస్తూనే ఉంటారు, అందులో అవమానం లేదు. ఉన్న లైను మార్చకుండా, చేత్తో ఏ పక్కనుంచి పొమ్మంటున్నావో చూపించి, స్ట్రెయిట్‌లో కాలు కొంచెం తీసెయ్. మలుపు మధ్యలో ఉన్నట్టుండి పక్కకి జరిగి దారివ్వడం అన్నిటికన్నా ప్రమాదం. టైమింగ్ యాప్ పెట్టుకోకు. ల్యాప్ టైము చూడటం మొదలైతే నేర్చుకోవడం వెనక్కి పోతుంది.

ఒంగోలు_ఓనరు
చెన్నైయే వెళ్లాలా, కోయంబత్తూరు బాగుంటుందా?

మైలాపూర్_మూర్తి
కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లే, చిన్న బళ్లకి చక్కగా సరిపోతుంది. 2003లో మొదలైంది, కరివర్ధన్ గారి పేరే పెట్టారు. కానీ హైదరాబాద్, కోస్తా వాళ్లకి దూరం. గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు, ఫార్ములా వన్‌కి కట్టింది. అక్కడ పొడుగు స్ట్రెయిట్‌లో 1.3 బండికి నిజంగానే పని తక్కువ. తిరుపతి, నెల్లూరు వాళ్లకి ఇరుంగట్టుకోట్టై ఇంటి పక్కనే అనుకోవచ్చు.

కూకట్‌పల్లి_స్విఫ్ట్
అదే బండిలో వెళ్లి రావడం గురించి?

గాజువాక_గేర్
వెళ్లు, కానీ ఒక్కడివే వద్దు, ఒకేరోజులో వద్దు. 630 కిలోమీటర్లు నడిపి తెల్లారి హెల్మెట్ పెట్టుకుంటే కళ్లు పనిచేయవు. ముందురోజు మధ్యాహ్నానికి చేరి నిద్రపో. తిరుగు ప్రయాణం కూడా మర్నాడే. బ్రేక్ ప్యాడ్లు ఒక జత అదనంగా పట్టుకెళ్లు, తిరిగి రావడానికి. పాడైన బండిని ఎక్కించుకుపోయే క్యారియర్ సర్వీసు నంబరు ఫోన్‌లో ఉండాలి.

ఒంగోలు_ఓనరు
ఎండల సంగతి? మా దగ్గరే మే నెలలో రోడ్డు కరిగిపోతుంది.

మైలాపూర్_మూర్తి
జనవరి, ఫిబ్రవరి మేలు. మార్చి దాటితే బండి కన్నా మనిషి ముందు వేడెక్కుతాడు. ఏసీ ఆపి, అద్దాలు దించి నడపాలి. మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మరసం పెట్టుకోండి. టెంపరేచర్ ముల్లు పైకి పోతే హీటర్ పూర్తిగా తిప్పి మెల్లగా పిట్‌కి రావాలి.

కూకట్‌పల్లి_స్విఫ్ట్
ఇంట్లో అమ్మకి ఇంకా చెప్పలేదు. రేసు అనగానే ఒప్పుకోదు.

పాలియో_పద్మ
చెప్పకుండా మాత్రం వెళ్లకు. హెల్మెట్ చూపించు, అంబులెన్సు ఉంటుందని చెప్పు, వీలైతే తీసుకెళ్లు. మా అమ్మ ఒకసారి పిట్‌లో కూర్చుని చూశాక, ఊళ్లో నేను స్కూటీ మీద తిరగడమే ఎక్కువ భయమంది.

బెజవాడ_మెకానికల్
ఖర్చుల వరుస నేనైతే ఇలా పెడతా: బెల్టు, బ్రేక్ ఆయిల్, మంచి ప్యాడ్లు, టైర్లు, హెల్మెట్, ప్రవేశ రుసుము. ఇంకా మిగిలితే నేర్పేవాళ్లని పక్క సీట్లో కూర్చోబెట్టుకో. షాక్ అబ్జార్బర్లు కారుతుంటే అవి టైర్లకన్నా ముందు.

ఎస్టీమ్_వీరాభిమాని
హెల్మెట్ చివర్లో పెట్టావేంటి? మొదటిది అదే.

బెజవాడ_మెకానికల్
సరే, మొదటిది అదే.

కూకట్‌పల్లి_స్విఫ్ట్
రేపు గ్యారేజీలో ఇస్తున్నా. బెల్టు, వాటర్ పంపు, ఆయిల్, షాకులు చూపిస్తా. టైర్లు సంక్రాంతి అయ్యాక. ఫిబ్రవరిలో వచ్చే మొదటి ట్రాక్ డేకి పేరు రాయిస్తా. ఇటునుంచి ఇంకెవరైనా వస్తున్నారా?

గాజువాక_గేర్
నేనొస్తున్నా, వైజాగ్ నుంచి. ముందురోజు నెల్లూరులో కలుద్దాం, భోజనం చేసి అక్కడినుంచి కలిసి వెళదాం. టార్క్ రెంచి, జాకీ స్టాండులు నా దగ్గరున్నాయి. నువ్వు గేజ్, గాలి కొట్టే పంపు తీసుకురా.

టర్బో_తేజ
నాకూ ఒక చోటుంచండి. బండి మామూలు సైలెన్సర్‌తోనే తెస్తా.